“ఇంకాస్త సమయం కావాలి” దగ్గర ఆగిపోయిన ప్రమోషన్: ఒక మహిళా సీనియర్ మేనేజర్ కోచింగ్ కేసు

ఈ కేసు ఒకే వ్యక్తిది కాదు. గోప్యత కోసం ఒకే తరహాలో నడిచిన కోచింగ్‌లను కలిపి ఒక క్లయింట్‌గా రాశాం. క్లయింట్‌కు సంబంధించిన అంకెలు ఆ తరహాను చూపించడానికే. పరిశోధనల నుంచి తీసుకున్నవాటికి పరిశోధకుల పేర్లు పక్కనే ఉన్నాయి.

నేపథ్యం

క్లయింట్ ఒక ఆర్థిక సేవల సంస్థలో ఆపరేషన్స్ సీనియర్ మేనేజర్. అనుభవం 14 ఏళ్లు. అందులో చివరి 4 ఏళ్లూ ఒకే గ్రేడ్. నేరుగా రిపోర్ట్ చేసేవాళ్లు 9 మంది, వాళ్ల కింద మరో 60 మంది. ఈ నాలుగేళ్లూ వార్షిక మదింపులో పై రేటింగే వచ్చింది. డైరెక్టర్ పదవికి రెండుసార్లు పేరు వెళ్లింది, రెండుసార్లూ ఆగిపోయింది. రెండోసారి మేనేజర్ చెప్పిన కారణం ఇది: “పనిలో వంక పెట్టడానికేమీ లేదు. ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ ఇంకాస్త రావాలి, ఆలోచన ఇంకొంచెం స్ట్రాటజిక్‌గా ఉండాలి. ఇంకాస్త సమయం కావాలి.”

కోచింగ్ కావాలన్నది సంస్థ హెచ్‌ఆర్. వాళ్లు పంపిన బ్రీఫ్‌లో లక్ష్యం ఒకటే వాక్యం: ఆత్మవిశ్వాసం పెంచాలి, గట్టిగా మాట్లాడటం నేర్పాలి.

ఇలాంటి బ్రీఫ్‌ను ఉన్నదున్నట్టు ఒప్పుకుని మొదలుపెట్టిన కోచింగ్ చాలావరకు అక్కడే దారి తప్పుతుంది. మహిళలకు ఆత్మవిశ్వాసం తక్కువ అనడానికి తరచుగా ఒక లెక్క చెబుతారు: 60 శాతం అర్హతలుంటే మగవాళ్లు దరఖాస్తు పెట్టేస్తారని, ఆడవాళ్లు 100 శాతం ఉంటేనే పెడతారని. అది ఒక కంపెనీ అంతర్గత నివేదిక నుంచి నోటినోటా పాకిన మాటే తప్ప ప్రచురితమైన అధ్యయనం కాదు. పైగా ఈ క్లయింట్‌కు అది వర్తించనే వర్తించదు. ఆమె పోటీకి దిగింది, అదీ రెండుసార్లు. ఆమె పేరు ఆగిపోయింది ఆమె లేని గదిలో. ఆ గదిలో తన గురించి ఎవరు ఏం చెబుతున్నారు, చెప్పాలనుకున్నా ఏం చెప్పలేకపోతున్నారు అన్నది తేల్చడమే ఈ కేసులో అసలు పని.

ముగ్గురి ఒప్పందం, క్యాలెండర్

మొదటి వారంలో క్లయింట్, ఆమె మేనేజర్, హెచ్‌ఆర్ ప్రతినిధి కలిసి కూర్చున్నారు. గంటసేపు కోచ్ నడిపించిన సమావేశం. నాలుగు విషయాలు రాతలో పెట్టారు: ఏ పదవి, ఏ సైకిల్‌లో, సెషన్‌లోని మాటల్లో ఏది బయటికి వెళ్లొచ్చు, ఏది వెళ్లకూడదు, మేనేజర్ ఏం చేయాలి, ఏ పరిస్థితిలో కోచింగ్ ఆపేయవచ్చు. హెచ్‌ఆర్‌కు వెళ్లేవి లక్ష్యాలు, జరిగిన సెషన్ల సంఖ్య మాత్రమే. డబ్బు కట్టేది సంస్థ, మనసు విప్పాల్సింది ఉద్యోగి. ఈ గీత మొదటిరోజే గీయకపోతే మేనేజర్ గురించి ఆమె అసలు సంగతి చెప్పేసరికి సగం సెషన్లు అయిపోతాయి.

మేనేజర్ వంతు పనిని రాతలో పెట్టకపోవడం తరచూ కనిపించే మరో లోపం. “నా సహకారం ఎప్పుడూ ఉంటుంది” అనే మాటతో సరిపెట్టుకుంటే ఆ సహకారం ఎక్కడా కనబడదు. ఇక్కడ మేనేజర్ మూడింటికి ఒప్పుకుని సంతకం పెట్టారు: నెలకోసారి 30 నిమిషాల ఫీడ్‌బ్యాక్, నాయకత్వ సమావేశాల్లో కనీసం రెండుసార్లు ఆమెకు స్లాట్, టాలెంట్ రివ్యూకు (పై పదవులకు ఎవరు తగినవారో కమిటీ చర్చించే సమావేశం) వెళ్లే పత్రాన్ని ముందే ఆమెతో కలిసి చదవడం.

సెషన్లు మొత్తం 12, ఒక్కొక్కటి 75 నిమిషాలు. మొదటి పది రెండు వారాలకోసారి, చివరి రెండూ టాలెంట్ రివ్యూకు కాస్త ముందు, కాస్త తర్వాత. పదవి వచ్చాక మూడు చిన్న ఫాలో అప్‌లు. షెడ్యూల్ మొత్తాన్నీ సంస్థ క్యాలెండర్ చూసి వెనక నుంచి కట్టారు. టాలెంట్ రివ్యూ ఎనిమిదో నెల చివర. దానికి ఆరు వారాల ముందే పేర్ల జాబితా ఖరారవుతుంది. జాబితాలో పేరు పెట్టేవాళ్లు అంతకు కనీసం నెల ముందు ఏదో ఒక ఫలితాన్ని కళ్లారా చూసి ఉండాలి. అంటే ఐదో నెల ముగిసేసరికి చూపించడానికి ఒక ఫలితం చేతిలో ఉండాలి. రివ్యూకు నెల ముందు కోచ్‌ను పిలిచే సంస్థలున్నాయి. అప్పుడు మిగిలేది ప్రజెంటేషన్ రిహార్సల్ ఒక్కటే.

కోచ్ అర్హత గురించి ఒక మాట. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ తన మూడు స్థాయిల ధ్రువపత్రాల్లో మొదటిదైన ఏసీసీకి 100, పీసీసీకి 500, ఎంసీసీకి 2,500 గంటల కోచింగ్ అనుభవం అడుగుతుంది. గంటలు ముఖ్యమే. కానీ ప్రమోషన్ కమిటీ ఎలా నడుస్తుందో తెలియని 2,500 గంటల కోచ్ కంటే, అది దగ్గర నుంచి తెలిసిన 500 గంటల కోచ్ ఇలాంటి కేసుకు ఎక్కువ పనికొస్తారు.

తొమ్మిది ఇంటర్వ్యూలు చెప్పింది

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా కోచ్ తొమ్మిది మందితో మాట్లాడారు: మేనేజర్, ఆయన పై అధికారి, ముగ్గురు సహ మేనేజర్లు, క్లయింట్ టీమ్ నుంచి ఇద్దరు, ఫైనాన్స్ నుంచి ఒకరు, ప్రమోషన్ కమిటీలో కూర్చునే ఒక డైరెక్టర్. ఒక్కొక్కరితో 40 నిమిషాలు. అందరికీ అవే ప్రశ్నలు. ఆమెను ఏ పనికి పిలుస్తారు? గత ఏడాదిలో ఆమె తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి. ఆమె రేపు డైరెక్టర్ అయితే మీకు కలిగే మొదటి సందేహం ఏమిటి? ఆ సందేహం పోవాలంటే ఏం చూడాలి? మాటలను ఎవరివో తెలియకుండా అంశాలుగా మార్చి క్లయింట్‌కు ఇచ్చారు. ముగ్గురికన్నా తక్కువమంది చెప్పిన అంశాన్ని నివేదికలో చేర్చలేదు. లేకపోతే ఎవరన్నారో కనిపెట్టే పనిలో సెషన్ గడిచిపోతుంది. కమిటీ డైరెక్టర్ ఒక్కరే కాబట్టి ఆయన మాట చేర్చడానికి ఆయన అనుమతి విడిగా తీసుకున్నారు.

మొదటి ప్రశ్నకు దాదాపు అందరిదీ ఒకే జవాబు: ఏదైనా చిక్కుపడితే ఆమెకు అప్పగిస్తే చాలు, తేలిపోతుంది. రెండో ప్రశ్న దగ్గర ఏడుగురు ఆగిపోయారు. నిర్ణయం అడిగితే ఆమె పూర్తిచేసిన పని చెప్పారు. కమిటీ డైరెక్టర్ మాట ఇంకా సూటిగా ఉంది: “ఆమె టీమ్ బాగా నడుస్తుందని తెలుసు. నడుపుతున్నది ఆమె అని నమ్ముతున్నాను కూడా. కానీ ఆమె ఏం ఎంచుకుంది, ఏం వదులుకుంది అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.”

ఈ సంస్థలో టాలెంట్ రివ్యూ తొమ్మిది గడుల పటం మీద జరుగుతుంది. ఒక అక్షం పనితీరు, రెండోది పొటెన్షియల్, అంటే ముందుముందు ఎదగగల సత్తా. పనితీరుకు అంకెలుంటాయి, పొటెన్షియల్‌కు గదిలో ఉన్నవాళ్ల అభిప్రాయమే ఆధారం. అలన్ బెన్సన్, డేనియల్ లీ, కెల్లీ షూ ఒక పెద్ద రిటైల్ సంస్థ రికార్డులు పరిశీలించి ఇదే చోట తేడా పట్టుకున్నారు. సగటున మహిళలకు పనితీరు రేటింగ్ పురుషుల కన్నా ఎక్కువ, పొటెన్షియల్ రేటింగ్ తక్కువ. తర్వాత ఆ మహిళలు తమకిచ్చిన పొటెన్షియల్ రేటింగ్‌ను మించి పనిచేసినా, మరుసటి ఏడాది ఆ రేటింగ్ మళ్లీ తక్కువే. అంటే ఇంకా బాగా పనిచేయడం ఒక్కటే పరిష్కారం కాదు. ఈ క్లయింట్ నాలుగేళ్లుగా చేస్తున్నది అదే.

సమయం ఎటు పోతోంది

మూడు వారాల పాటు అరగంట చొప్పున సమయం రాసిపెట్టమన్నారు. ప్రతి అరగంటకూ ఒక గుర్తు: నిర్ణయం, అమలు, మనుషులు, ఇతరం. వారానికి సగటున 50 గంటల పనిలో “ఇతరం” 11 గంటలు తేలింది. సమావేశాల మినిట్స్ (ఏం చర్చించారో రాసిపెట్టడం), కొత్తగా చేరినవాళ్ల ఓరియంటేషన్, వార్షికోత్సవ కమిటీ, వేరే విభాగం ఆడిట్‌కు పత్రాలు సర్దిపెట్టడం, రాజీనామా ఆలోచనలో ఉన్న సహోద్యోగులకు నచ్చజెప్పడం. ఏ ఒక్కటీ చెడ్డ పని కాదు. ఏ ఒక్కటీ రివ్యూలో ప్రస్తావనకు రాదు.

లిండా బాబ్‌కాక్, ఆమె సహ పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రమోషన్‌కు పనికిరాని పని చేయమన్న అభ్యర్థనలు పురుషుల కంటే మహిళలకు 44 శాతం ఎక్కువగా వచ్చాయి. అడిగినప్పుడు ఒప్పుకున్నవాళ్లు మహిళల్లో 76 శాతం, పురుషుల్లో 51 శాతం. అడిగినవాళ్లలో మహిళా మేనేజర్లూ ఉన్నారు. కాబట్టి ఇది ఆమె మొహమాటానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు.

పనులు వడకట్టడానికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నారు. ఇది ఆదాయాన్నో, ఖర్చునో, రిస్క్‌నో కదిలిస్తుందా? కమిటీలో ఉన్న ఎవరికైనా కనబడుతుందా? దీనికి ఆమె నైపుణ్యమే కావాలా? మూడింటికీ కాదు అంటే వదిలించుకోవాలి. రెండింటికి కాదు అంటే గడువు పెట్టుకుని వదిలించుకోవాలి.

వదిలించుకునే తీరులోనే మొదటి ఎదురుదెబ్బ తగిలింది. నాలుగో సెషన్ తర్వాత ఒక సమావేశంలో మినిట్స్ రాయమంటే ఆమె “ఈసారి నేను రాయను” అంది. కారణం చెప్పలేదు, ప్రత్యామ్నాయం చూపలేదు. రెండు రోజుల్లో ఒక సహ మేనేజర్ ద్వారా ఆ మాట “ఈమధ్య సహకరించడం లేదు”గా మారి మేనేజర్ చెవిన పడింది. ఊహించదగ్గదే. మడలిన్ హైల్‌మన్, జూలీ చెన్ 2005లో చూపించింది ఇదే: సాయం చేస్తే మార్కులు మగవాడికి, చేయకపోతే కోత ఆడదానికి. “కాదు అనడం నేర్చుకోండి” అని చెప్పి ఊరుకునే కోచింగ్ క్లయింట్‌ను నేరుగా ఈ కోతకే అప్పగిస్తుంది.

మార్చిన పద్ధతి: తిరస్కరణ బదులు వంతుల ఏర్పాటు. తర్వాతి సమావేశం మొదట్లోనే ఆమె చెప్పిన మాట ఇది: “మినిట్స్‌కు వంతులు పెట్టుకుందామండి. పేర్ల వరుసలో నెలకొకరు. మొదటి నెల నేను చేసి నమూనా ఇస్తాను, వచ్చే నెల నుంచి జాబితా ప్రకారం.” ఎవరూ కాదనలేదు. ఓరియంటేషన్‌ను టీమ్‌లో ప్రమోషన్‌కు దగ్గరగా ఉన్న ఇద్దరికి అప్పగించారు, వాళ్లకు అది నిజంగానే ఎదుగుదల. ఆడిట్ పత్రాల పనిని సొంత విభాగానికే తిప్పి పంపడానికి మేనేజర్ సాయం కావాల్సి వచ్చింది. ప్రతి అప్పగింతకూ ఒక పేజీ నోట్, ఒక పేరు, ఒక తేదీ. పదో వారానికి 11 గంటలు 5కి దిగాయి. సహోద్యోగులకు నచ్చజెప్పే పనిని ఆమె వదులుకోలేదు. అది ఆమె ఇష్టం, కోచ్ పట్టుబట్టలేదు.

మిగిలిన గంటలు ఫైనాన్స్‌కు

గంటలు మిగలగానే వాటిని దేనికి వాడాలో ముందే నిర్ణయించకపోతే, రెండు వారాల్లో అమలు పనే వాటిని మింగేస్తుంది. ఈ కేసులో వాటిని వ్యాపార లెక్కలకు కేటాయించారు. నాయకత్వ సలహాదారు సుసాన్ కొలాంటువోనో చాలాకాలంగా చెబుతున్న విషయం ఒకటుంది: మహిళలకు ఇచ్చే సలహాలు వ్యక్తిత్వం, మనుషులతో మెలిగే తీరు చుట్టూ తిరుగుతాయి, వ్యాపారం, వ్యూహం, ఆర్థిక అవగాహన అన్న మూడో వంతు జారిపోతుంది. మేనేజర్ నుంచి డైరెక్టర్ స్థాయికి వెళ్లేటప్పుడు అడిగేది సరిగ్గా ఆ మూడో వంతునే.

ఫైనాన్స్ విభాగం వ్యక్తితో వారానికి 45 నిమిషాలు, ఆరు వారాలు. పాఠం చెప్పించుకోవడం కాదు, తన విభాగం అంకెలను పట్టుకుని ప్రశ్నలడగడం. కస్టమర్ పంపిన ఒక దరఖాస్తు పూర్తి చేయడానికి సంస్థకు అయ్యే ఖర్చెంత? తిరిగి వచ్చిన దరఖాస్తుకు అదనంగా ఎంత? ఒక మనిషిని చేర్చుకుంటే ఏ లైన్‌లో పడుతుంది, సాఫ్ట్‌వేర్ కొంటే ఏ లైన్‌లో? ప్రతి వారం ఇంటిపని: సంస్థ త్రైమాసిక ఫలితాలను ఐదు వాక్యాల్లో రాయాలి, ఐదో వాక్యం “కాబట్టి నా విభాగంలో” అని మొదలవ్వాలి. మొదటి మూడు ప్రయత్నాల్లో ఆ ఐదో వాక్యమే కుదరలేదు. ఆపరేషన్స్‌లో పదేళ్లు గడిపినవాళ్లకు కొలమానాలు బాగా తెలుస్తాయి, వాటిని డబ్బుగా మార్చడం అలవాటు ఉండదు.

ఆ ఆరు వారాల్లోంచే బిజినెస్ కేస్, అంటే ఖర్చూ లాభమూ లెక్కగట్టిన ప్రతిపాదన, పుట్టింది. ప్రతి 100 దరఖాస్తుల్లో 18 ఏదో ఒక లోపంతో వెనక్కి వస్తున్నాయి. ఒకే వివరాన్ని మూడు జట్లు మూడుసార్లు తనిఖీ చేస్తున్నా లోపం మొదటి మెట్టులోనే పడుతోంది. ఆమె ప్రతిపాదన: తక్కువ రిస్క్ ఉన్న దరఖాస్తులకు రెండో తనిఖీ తీసేసి, ఆ మనుషులను మొదటి మెట్టుకు మార్చడం. లక్ష్యం 18 నుంచి 8. ముందుగా నాలుగు వారాల పైలట్ (చిన్న స్థాయి ప్రయోగం), ఒక శాఖలో. పొరపాట్ల శాతం ముందే నిర్ణయించుకున్న గీత దాటితే పైలట్ ఆగిపోతుంది.

మొదటి డ్రాఫ్ట్‌లో 14 కొలమానాలున్నాయి, నిర్ణయం మూడో పేజీలో ఉంది. కోచ్ అడిగింది ఒకటే: “దీన్ని ఒప్పుకుంటే సంస్థ దేన్ని వదులుకుంటోంది?” ఆ ప్రశ్నకు జవాబు రాసిన రోజే పత్రం ఒక పేజీకి కుదిరింది. రెండో తనిఖీ ఇచ్చే భరోసాను వదులుకుంటున్నాం, బదులుగా సమయాన్నీ ఖర్చునూ తగ్గించుకుంటున్నాం. వదులుకునేదాన్ని పేరు పెట్టి చెప్పినప్పుడే ఒక పని నిర్ణయంలా కనిపిస్తుంది. ఇంటర్వ్యూల్లో ఏడుగురికి దొరకని జవాబు అదే.

“ప్రెజెన్స్” అంటే ఏమిటో అడిగి తెలుసుకోవడం

ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ అన్న మాట మీద పనిచేయడం కుదరదు, అది ఏ సంఘటనను చూసి పుట్టిందో దాని మీద పనిచేయవచ్చు. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన షెల్లీ కొరెల్, కరోలిన్ సిమార్డ్ 2016లో రాసినట్టు, మహిళలకు వచ్చే ఫీడ్‌బ్యాక్‌లో ఇలాంటి పట్టుకోవడానికి వీల్లేని మాటలు ఎక్కువ, ఫలితాలతో ముడిపెట్టినవి తక్కువ. నెలవారీ ఫీడ్‌బ్యాక్‌లో క్లయింట్ మేనేజర్‌ను మూడు ప్రశ్నలు అడిగింది. చివరిసారి మీకు అలా అనిపించింది ఏ సమావేశంలో? నా చోట మీరు మెచ్చుకునే డైరెక్టర్ ఎవరైనా ఉంటే ఏం చేసేవారు? వచ్చే రెండు నెలల్లో ఏం చూస్తే ఈ మాట వెనక్కి తీసుకుంటారు?

మేనేజర్ మొదట తడబడ్డారు. తర్వాత ఒక నిర్దిష్టమైన సమావేశం గుర్తుచేశారు: 20 నిమిషాల స్లాట్‌లో ఆమె 12 నిమిషాలు నేపథ్యం చెప్పింది, అడగాల్సింది చివర్లో హడావిడిగా అడిగింది, ఒక ప్రశ్నకు “చూసి చెబుతాను” అంది. గొంతు, దుస్తులు, నిలబడే తీరు ఏదీ కాదు. బ్రీఫ్ ప్రకారం వెళ్లి ఉంటే కోచింగ్ గంటలు ఆ మూడింటికే ఖర్చయ్యేవి.

దిద్దుబాటు చిన్నదే. మొదటి వాక్యంలో ఏం కావాలో చెప్పాలి, రెండో వాక్యంలో ఎందుకు, మూడో దాంట్లో రిస్క్. మిగతా సమయం ప్రశ్నలకు. ప్రశ్నకు జవాబు 20 సెకన్లు, ఇంకా కావాలంటే వాళ్లే అడుగుతారు. తెలియనప్పుడు “ఆ అంకె నా దగ్గర లేదు, శుక్రవారానికి పంపుతాను, దానివల్ల సిఫార్సు మారేది ఎప్పుడంటే...” అని షరతు చెప్పాలి. సమావేశానికి ముందు ఇద్దరిని విడిగా కలవాలి: ఒప్పుకునేవాళ్లలో ఒకరు, ఒప్పుకోనివాళ్లలో ఒకరు. రెండో వ్యక్తిని వదిలేయాలని అందరికీ అనిపిస్తుంది. పైలట్ ప్రతిపాదనను గట్టెక్కించింది మాత్రం అభ్యంతరం చెప్పాల్సిన రిస్క్ హెడ్‌తో ముందురోజు గడిపిన అరగంటే.

వారపు అప్‌డేట్ల రాత కూడా మారింది. పాతది: “టీమ్ అంతా కష్టపడి ఈ వారం పెండింగ్ తగ్గించగలిగాం.” కొత్తది: “తక్కువ రిస్క్ దరఖాస్తులకు రెండో తనిఖీ ఆపాలని నిర్ణయించాను. జట్టు మూడు వారాల్లో అమలు చేసింది. వెనక్కి వచ్చేవి 100కి 18 నుంచి 11కి తగ్గాయి. వచ్చే వారం రెండో శాఖకు విస్తరించాలా వద్దా తేలుస్తాను.” నిర్ణయం తనదని చెప్పుకోవడం, అమలు జట్టుదని చెప్పడం, రెండూ ఒకే పేరాలో ఉండాలి. మొదటిది లేకపోతే ఆమె కనబడదు. రెండోది లేకపోతే “అంతా నేనే అంటోంది” అన్న విమర్శ వస్తుంది, అదీ మహిళల మీద త్వరగా వస్తుంది.

స్పాన్సర్

మెంటార్ సలహా ఇస్తారు, స్పాన్సర్ తన పరపతిని పణంగా పెట్టి మీ పేరు చెబుతారు. హెర్మీనియా ఇబారా, నాన్సీ కార్టర్, క్రిస్టీన్ సిల్వా 2010లో తేల్చిన విషయం, మహిళలకు మెంటార్లకు కొదవ లేదు, స్పాన్సర్లే తక్కువ అని.

ఏడుగురు కమిటీ సభ్యుల పేర్లు రాసి పక్కన మూడు గడులు గీశారు: ఆమె పనిని నేరుగా చూశారా, ఆమె ఎదుగుదల వల్ల వాళ్ల సమస్య ఏదైనా తీరుతుందా, గదిలో వాళ్ల మాటకు బరువుందా. క్లయింట్ మొదట ఎంచుకున్నది ఒక సీనియర్ మహిళా నాయకురాలిని. ఆప్యాయంగా మాట్లాడేవారు, మంచి సలహాలిచ్చేవారు, కమిటీలో లేరు. రెండు నెలలు అలా గడిచాయి. ఆ సంబంధం మెంటార్‌గా కొనసాగింది, స్పాన్సర్ కోసం పటం మళ్లీ చూశారు. రిస్క్ హెడ్‌కు మూడు గడుల్లోనూ టిక్ పడింది. తనిఖీల గందరగోళం మీద ఆడిట్ అభ్యంతరం ఆయన నెత్తినే ఉంది, పైలట్ దాన్నే తేలుస్తోంది.

పైలట్ ఫలితం 100కి 9 దగ్గర నిలిచింది. లక్ష్యం 8 అందలేదు, ఆ మాటే పత్రంలో రాశారు. ఆ తర్వాతే ఆమె అడిగింది: “వచ్చే రివ్యూలో నా పేరు వచ్చినప్పుడు మీరు మాట్లాడతారా సార్? మాట్లాడటం కష్టమనిపిస్తే, ఏం లోటు కనిపిస్తోందో ఇప్పుడే చెప్పండి, సమయం ఉంది.” ఆయన ఒక లోటు చెప్పారు: వేరే విభాగాలను కలుపుకుని నడిపిన అనుభవం. రెండో శాఖ విస్తరణను రిస్క్ టీమ్‌తో ఉమ్మడిగా నడపడం అక్కడి నుంచే వచ్చింది. ఇలా అడగడాన్ని చాలామంది క్లయింట్లు పైరవీ అనుకుని వెనకాడతారు. ఫలితం చేతిలో లేకుండా అడిగితే పైరవీయే అవుతుంది. ఫలితం చూసిన మనిషిని అడగడం వేరు.

స్పాన్సర్ చేతికి ఇచ్చింది మూడు వాక్యాలు. గదిలో ఒక పేరు మీద చర్చ నిమిషాల్లో ముగుస్తుంది, పేజీలు ఎవరూ చదవరు. తీసుకున్న నిర్ణయం, దాని ఫలితం, తర్వాతి స్థాయిలో ఆమె ఏం చేస్తుంది. నోటితో తిరిగి చెప్పగలిగేంత చిన్నగా ఉండాలి.

నాలుగో నెలలో మేనేజర్ మారడం, ఆరో నెలలో వచ్చిన ఆఫర్

మధ్యలో మేనేజర్ బదిలీ అయ్యారు. ఇలాంటి కేసులను కూల్చేసేది తరచూ ఇదే, ఎందుకంటే నాలుగు నెలల గమనింపు ఆయన తలలోనే ఉంటుంది. ఒప్పందం రాతలో ఉండటం ఇక్కడ అక్కరకొచ్చింది. వెళ్లేముందు ఆయన ఒక పేజీ రాసిచ్చారు: ప్రెజెన్స్ మీద తన సందేహం ఏమిటి, తర్వాత ఏం చూశారు, ఇప్పుడు తన అభిప్రాయం ఏమిటి. కొత్త మేనేజర్‌తో రెండు వారాల్లో ముగ్గురి సమావేశం మళ్లీ జరిగింది.

ఆరో నెలలో అనుకోని ఆఫర్: నష్టాల్లో ఉన్న ఒక విభాగానికి తాత్కాలిక డైరెక్టర్. నియామకాలు స్తంభించాయి, అంతకుముందు ఇద్దరు వదిలేసి వెళ్లారు. మిషెల్ రయన్, అలెక్స్ హాస్లం 2005లో బ్రిటన్ పెద్ద కంపెనీల మీద చేసిన అధ్యయనంతో “గ్లాస్ క్లిఫ్” అన్న పేరు వచ్చింది: సంస్థ ఇబ్బందుల్లో ఉన్నప్పుడే మహిళలకు అలాంటి పీఠాలు దక్కే అవకాశం ఎక్కువ. అలాగని అలాంటి ప్రతి ఆఫర్‌నూ తోసిపుచ్చాలని కాదు. నాలుగు షరతులు అడిగారు: తాత్కాలికం శాశ్వతం అయ్యే తేదీ, వెంట తీసుకెళ్లే ఇద్దరి పేర్లు, బడ్జెట్, ఆమె చేరేనాటి అంకెలను ప్రారంభ బిందువుగా రాతలో పెట్టడం. సంస్థ మొదటిదానికీ చివరిదానికీ ఒప్పుకోలేదు. బడ్జెట్ లేకపోతే సర్దుకోవచ్చు, ప్రారంభ బిందువు లేకపోతే పాత నష్టం కూడా ఆమె ఖాతాలోకే వస్తుంది. ఆమె వద్దనుకుంది. వద్దనే ముందు స్పాన్సర్‌కు చెప్పింది. ఆ ఒక్క ఫోన్ కాల్ చేయకపోయి ఉంటే ఆయన రివ్యూలో నోరు విప్పేవారు కాదేమో.

ఫలితం, దాని హద్దులు

ఎనిమిదో నెల రివ్యూలో ఆమె పొటెన్షియల్ గడి మధ్య నుంచి పైకి మారింది. తొమ్మిదో నెలలో ఆపరేషన్స్, నాణ్యత కలిపిన కొత్త విభాగానికి డైరెక్టర్ అయింది. జీతం చర్చలో అడిగిన అంకెకు ఆధారం వ్యక్తిగత అవసరం కాదు, కలిపిన విభాగం పరిమాణం. అదే స్థాయి పదవుల పరిధి ఎంతో హెచ్‌ఆర్ నుంచే తీసుకుని మాట్లాడింది.

దీన్నంతా కోచింగ్ ఖాతాలో వేయడం సరికాదు. ఆ విభాగాల విలీనం జరగకపోతే ఖాళీ ఉండేదే కాదు. కోచింగ్ వల్ల జరిగింది, ఖాళీ వచ్చిన రోజున కమిటీలో చెప్పడానికి మాట, చెప్పే మనిషి సిద్ధంగా ఉండటం. ఖాళీ లేని చోట, మేనేజర్ కావాలనే అడ్డుపడుతున్న చోట, వేధింపో వివక్షో స్పష్టంగా ఉన్న చోట కోచింగ్ మందు కాదు. ఆ చివరిదానికి ఫిర్యాదు విధానం ఉంది, దాన్ని కోచింగ్‌తో కప్పేయమని అడిగే సంస్థకు కోచ్ నో చెప్పాలి.

ఆమె వదిలేసిన ఆరు గంటల పని ఎటు పోయిందో కూడా చూశారు. మినిట్స్ వంతులు నిలిచాయి. వార్షికోత్సవ కమిటీ మాత్రం పక్క టీమ్‌లోని మరో మహిళ మీద పడింది. వంతుల పద్ధతిని అన్ని విభాగాలకూ పెట్టమని హెచ్‌ఆర్‌కు రాశారు. ఇప్పటికి ఆమె విభాగంలోనే అమలవుతోంది.

పదవిలో చేరాక 30, 60, 90 రోజులకు ఫాలో అప్‌లు జరిగాయి. మూడింట్లోనూ ఒకే పరీక్ష: మళ్లీ ఒక వారం అరగంటల చిట్టా. ముప్పయ్యో రోజున సగానికి పైగా సమయం పాత పదవి పనికే పోతోంది, తన స్థానంలో వచ్చిన మేనేజర్ చేయాల్సిన రోజువారీ సమీక్ష ఇంకా ఆమే నడుపుతోంది. దానికి చివరి తేదీ పెట్టి కొత్త మేనేజర్‌కు అప్పగించారు. తొంభయ్యో రోజుకు పాత పని వారానికి నాలుగు గంటలకు దిగింది. అందులో రెండు గంటలు వెండర్‌తో నెలవారీ చర్చకు తయారవడానికే, ఆ చర్చను మరో త్రైమాసికం తన దగ్గరే ఉంచుకుంటానంది.